పడవ మూతల మాణిక్యాంబ

ఢిల్లీ చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు. అయినా ఫరీదాబాద్‌లో మా ఫ్యాక్టరీ ఇరవయ్యేళ్ళుగా పడవలకు మూతలు చేసి విదేశాలకు పంపుతోంది. ఈ మాట చెబితే మా చుట్టాల్లో ఒక్కరూ నమ్మరు. ‘పడవకు మూతేమిటే ఇంద్రజా, అదేమన్నా బిందెనా?’ అని మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఆవిడ మాణిక్యాంబగారిని ఒక్కసారి పనిలో చూసి ఉంటే నోరు మూసుకునేది.

తెరచాప పడవ గాలితో పోతుందని అందరికీ తెలుసు. దానికి ఒక చిన్న ఇంజను కూడా ఉంటుందని ఈ ఉద్యోగంలో చేరేదాకా నాకూ తెలియదు. గాలి పడిపోయినప్పుడు, రేవులోకి మళ్ళేటప్పుడు ఆ ఇంజనే దిక్కు. దానికి డీజిలు, మనుషులకు మంచినీళ్ళు, రెండు ట్యాంకులూ పడవ కడుపులో ఉంటాయి. వాటిని నింపే దారి మాత్రం పైన, మనుషులు నడిచే డెక్ మీద ఉంటుంది. ఆ దారికి అరచెయ్యంత స్టీలు మూత. ఒకదాని మీద వాటర్ అని, ఇంకోదాని మీద డీజిల్ అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. రెండు పళ్ళ తాళం ఒకటి ఉంటుంది, దాన్ని మూత మీద ఉన్న రెండు గుంటల్లో పెట్టి తిప్పితే ఊడి వస్తుంది. నీళ్ళలో పడిపోకుండా కింద గొలుసు. అంతే, పెద్ద రహస్యమేమీ లేదు. కాకపోతే అలలు ఆ మూత మీది నుంచే పోతాయి కాబట్టి లోపలికి చుక్క దిగకూడదు.

ఆ చుక్క దిగదని ఆఖరుమాట చెప్పేది మాణిక్యాంబగారు. మా ఫ్యాక్టరీలో చివరి బల్ల ఆవిడది. ఆ బల్ల దాటితే ఇక పెట్టెలో పెట్టడమే. పద్దెనిమిదేళ్ళు ఆ స్టూలు మీద ఆవిడ తప్ప మరొకరు కూర్చోలేదు.

వాళ్ళది కాకినాడ. భర్త వీరరాఘవులుగారు ఇక్కడ కేంద్ర ప్రభుత్వ క్వార్టర్లలో కరెంటు పని చూసేవారు. ఆయన పోయాక క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చి, కూతురు ఉమను తీసుకుని ఫరీదాబాద్‌లో మా సెక్టారుకు వచ్చారు. నేను అప్పటికే ఈ ఫ్యాక్టరీ ఆఫీసులో ఎగుమతి కాగితాలు చూస్తున్నాను. తెలుగావిడ కదా అని మా యజమాని పృథ్వీరాజ్‌గారికి చెప్పి పనిలో పెట్టించాను. మొదటి వారం ఆవిడ ఈ మూతలు లారీలకనుకున్నారు. పడవలకని చెబితే, ‘మా ఊళ్ళో పడవలకి ఇవేవీ ఉండవండీ, డబ్బాతో పోసేసి గుడ్డ కుక్కేస్తారు’ అన్నారు.

మూత తీయడం ఎవరైనా తీస్తారు. తిరిగి పెట్టడంలోనే ఉంది విద్య. మరచుట్లను మా దగ్గర అందరూ చూడీ అంటారు. మూత చూడీ, అది కూర్చునే కింది స్టీలు రింగు చూడీ సరిగ్గా కలవకముందే కుడికి తిప్పి బిగించామా, ఒకదాని మీదికి ఒకటి అడ్డంగా ఎక్కి కూర్చుంటాయి. పైకి బిగిసినట్టే కనబడుతుంది. లోపల సందు మిగిలే ఉంటుంది. ఇంకా బలం పెడితే లోహం చీరుకుపోతుంది. ‘చూడీ మర్ గయీ’, అంటే చూడీ చచ్చిపోయింది అంటారు మావాళ్ళు. అందుకని మాణిక్యాంబగారు మూతను ముందు ఎడమకు, అంటే విప్పే వైపుకే తిప్పేవారు, కళ్ళు మూసుకుని, మెల్లగా. అలా తిప్పుతుంటే ఒకచోట మూత రవ్వంత కిందికి దిగుతుంది. అది కంటికి కనబడదు, చెవికి వినబడదు. వేలికే తెలియాలి. తెలిశాక కుడికి తిప్పితే మూత దానంతట అదే వెళ్ళి కూర్చుంటుంది.

ఇదంతా ఎవరూ ఆవిడకు నేర్పలేదు. మొదటి ఏడాది చెడగొట్టిన మూతలే నేర్పాయి. తరువాత ప్రతి మూతనూ ఆవిడ తీసి, మరచుట్ల వెంట వేలు తిప్పి చూసి, రబ్బరు రింగు తుడిచి, మళ్ళీ పెట్టి, దాని చీటీ మీద తెలుగులో ‘మా’ అని రాసి పంపేవారు. ఇంగ్లీషులో సంతకం చెయ్యమని పృథ్వీరాజ్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు కదా, చివరికి ఆయనే ఊరుకున్నాడు.

మూడేళ్ళ క్రితం ముంబయిలో పడవల ప్రదర్శన జరిగితే పృథ్వీరాజ్ మా ఇద్దరినీ తీసుకువెళ్ళాడు. అక్కడ రేవులో ఒక ముసలి కెప్టెన్ తెరచాప పడవకు మా మూతలే బిగించి ఉన్నాయి. ఎక్కి చూడమన్నాడాయన. మాణిక్యాంబగారు చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కి, డెక్ మీద మోకాళ్ళ మీద కూర్చుని, పసిపిల్లవాడి తల నిమిరినట్టు ఆ మూతను నిమిరారు. కెప్టెన్ తాళం పెట్టి డీజిల్ మూత తీసి చూపించాడు. తిరిగి పెడుతూ తిన్నగా కుడికి తిప్పబోయాడు. ఈవిడ ఆయన చేతి మీద ఒక్కటి వేశారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం నవ్వి చెయ్యి ఇచ్చాడు. ఆవిడ ఆ చేతిని పట్టుకుని, ఎడమకు తిప్పించి, మూత దిగినచోట ఆపి, ఇక్కడ అన్నట్టు ‘యహా’ అన్నారు.

నలభయ్యేళ్ళుగా సముద్రం మీద ఉన్నానని, ఈ సంగతి తనకెవరూ చెప్పలేదని అన్నాడాయన. తరువాత నాతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. ఆయన స్నేహితుడొకడి పడవలో ఇలాంటి మూత సరిగ్గా కూర్చోక, డీజిల్లోకి ఉప్పునీళ్ళు దిగి, రాళ్ళ దగ్గర ఇంజను ఆగిపోయి, మనిషి దక్కలేదట. అదంతా నేను ఆవిడకు తెలుగులో చెప్పాను. తిరుగు ప్రయాణంలో రైలు మథుర దాటాక ఉన్నట్టుండి అన్నారు: ‘ఇన్నేళ్ళూ మూత బావుందా లేదా అనే చూశానండీ. దాని కింద మనుషులు పడుకుంటారని నాకు తట్టనేలేదు.’

అప్పటినుంచి ఆవిడ పని మరీ నెమ్మదించింది, చాదస్తం ముదిరింది. చేతికింద పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రీతికి నరకం చూపించారు. ప్రీతి వాళ్ళ నాన్నది కరీంనగర్. పిల్ల మాత్రం ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలోనే చెబుతుంది. ఆ అమ్మాయి చేత మూడు రోజులు ఒకే మూత తీయించి, పెట్టించి, తీయించి, పెట్టించారు. ‘ఆంటీ, హో గయా నా’ అని ప్రీతి ఏడుపుమొహం పెడితే, ‘అయిందని నువ్వు కాదమ్మాయ్, నీ వేలు చెప్పాలి’ అనేవారు.

ఉమకు పెళ్ళై జనక్‌పురిలో ఉంటోంది. పని మానేసి వచ్చెయ్యమని, మనవరాలు ఇషితను చూసుకుంటూ కూర్చోమని ప్రతి ఆదివారం పోరేది. అల్లుడూ మంచివాడే. వెళితే కాలు కింద పెట్టనివ్వరు. ఒకసారి నేనూ అన్నాను, ఇంకెన్నాళ్ళండీ ఈ మెట్రో ప్రయాణాలూ, ఈ స్టూలూ అని. ఆవిడ నావైపు కోపంగా చూశారు. ‘అక్కడ నేను ఉమావాళ్ళమ్మనండీ. అంతకుముందు రాఘవులుగారి భార్యని. ఈ బల్ల దగ్గరే నేను మాణిక్యాంబని. ఇది కూడా తీసేస్తే నేనెవర్నండీ?’ అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను.

చక్కెర జబ్బు ఆవిడకు పదేళ్ళుగా ఉంది. మొదట పాదాలు మొద్దుబారాయి. మెట్రో స్టేషన్లో ఒక చెప్పు ఊడిపోతే ఇంటికి వచ్చేదాకా తెలియలేదని తనే నవ్వుతూ చెప్పారు. చేతులకూ వస్తుంది జాగ్రత్త అని డాక్టరు అన్నాడట. ‘రానీండి, చూద్దాం’ అన్నారట ఈవిడ. డాక్టరుకు చెప్పినట్టే జబ్బుకూ చెప్పొచ్చనుకున్నారు కాబోలు.

నేను గమనించింది ఈ వేసవిలో. ఎడమకు ఒక్క చుట్టులో ఆగే చెయ్యి, మూడు నాలుగు చుట్లు తిరుగుతోంది. కళ్ళు మూసుకునే ఉన్నారు, కనుబొమలు ముడిపడి ఉన్నాయి. తిప్పీ తిప్పీ ఒకచోట ఆపి, కుడికి తిప్పేశారు. నేను కాగితాల కోసం వచ్చినదాన్ని, తీసుకుని వెళ్ళిపోయాను. ఆ సాయంత్రమే ప్రీతి దుపట్టా కింద ఒక మూత దాచి నా దగ్గరికి పట్టుకొచ్చింది. పెట్టెలో పెట్టేటప్పుడు వంకరగా అనిపించి విప్పబోతే రాలేదట. ‘చూడీ మర్ గయీ హై, మేడమ్. ఆంటీ కా పాస్ కియా హువా హై’ అంది, ఆంటీ పాస్ చేసిందేనని. చెబుతుంటే దాని కళ్ళల్లో నీళ్ళు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. మంచిపనే చేస్తున్నాననుకున్నాను, అదీ అసలు దరిద్రం. ‘ఆంటీకి చెప్పకు. ఆవిడ పాస్ చేసినవన్నీ నువ్వు పెట్టెలో పెట్టే ముందు ఇంకోసారి చూసెయ్. చెడిపోయినవి తీసి పక్కన పడెయ్’ అన్నాను. ప్రీతి తలూపింది. అలా రెండు నెలలు నడిచింది. ఆవిడ చీటీ మీద ‘మా’ అని రాస్తూనే ఉన్నారు, ఈ పిల్ల వెనకాల ఆ మూతలన్నీ విప్పి మళ్ళీ పెడుతూనే ఉంది. వారానికి ఒకటో రెండో చెడేవి. ఆవిడ బల్ల ఆవిడకు ఉంది, సరుకు సరుకులా వెళుతోంది, ఎవరికీ నష్టం లేదు కదా అని నా మనసుకు నేను సర్ది చెప్పుకున్నాను.

సెప్టెంబరులో ప్రీతికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజుల్లోనే రెండు వందల పదహారు మూతలు మాణిక్యాంబగారి చేతి మీదుగా తిన్నగా పెట్టెల్లోకి వెళ్ళాయి. పెట్టెలకు మేకులు కొట్టేశారు. అయిదో రోజు మధ్యాహ్నం లారీ రావాలి. ఆ పొద్దున కాగితాల మీద నేను సంతకం పెట్టాలి.

పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. ముంబయి కెప్టెన్ చెప్పిన స్నేహితుడు గుర్తొచ్చాడు. పదకొండు గంటలకు ప్రీతి నీరసంగా నడుచుకుంటూ పనిలోకి వచ్చి, నన్ను చూసి, పెట్టెల వైపు చూసింది. ఇక నా వల్ల కాలేదు. భోజనం వేళ మాణిక్యాంబగారి పక్కన కూర్చుని, ఉన్నదంతా చెప్పేశాను. రెండు నెలల సంగతీ చెప్పాను.

ఆవిడ పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

‘నాకు తెలియకుండా, నా వెనకాల, నా మూతలు ఈ పిల్ల విప్పుతోందా?’

‘మీరు బాధపడతారని...’

‘నేను బాధపడితే మీకేం పోయిందండీ?’ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది నాకు. ‘మీరు అప్పుడే చెబితే ఆ రోజే ఆ స్టూలు మీంచి లేచేదాన్ని కదా. ఇప్పుడు రెండు వందల పదహారు మీద నా పేరు రాశాను.’

నేను తల దించుకున్నాను. ఆవిడే మళ్ళీ అన్నారు, ఈసారి నాతో కాదు, గిన్నెతో అన్నట్టు: ‘మిమ్మల్ని అనడం దేనికి. అప్పుడప్పుడు తెలిసేది కాదు నాకు. దిగిందిలే అనుకుని తిప్పేసేదాన్ని. ప్రీతి చేతిలో అయితే ఆ మాట ఒప్పుకునేదాన్నా?’

చెయ్యి కడుక్కుని తిన్నగా పృథ్వీరాజ్ గదిలోకి వెళ్ళారు. వెనకాలే నేనూ వెళ్ళాను. ‘సాబ్, మేరీ ఉంగ్లీ కో పతా నహీ చల్తా. యే మాల్ మత్ భేజియే’ అన్నారు, తన వేలికి తెలియడం లేదని, ఈ సరుకు పంపొద్దని. ఆయనకు ముందు అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన చాలాసేపు బల్ల మీద పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపాడు. మంచివాడే పాపం. ‘ఆంటీ, లారీ వెనక్కి పంపితే ఓడ అందదు. రెండు వందల్లో ఒకటో రెండో ఉంటాయి. పోనిద్దాం. వచ్చే సరుకు నుంచి చూసుకుందాం’ అన్నాడు హిందీలో.

‘ఆ ఒకటో రెండో ఏ పడవకి వెళతాయి సాబ్?’

ఆయన ఫోను తీసి లారీవాడికి రేపు రమ్మని చెప్పాడు.

తొమ్మిది పెట్టెలూ విప్పించారు. చివరి బల్ల దగ్గర స్టూలు మీద ప్రీతి కూర్చుంది. మాణిక్యాంబగారే భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. తను పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ పిల్ల ఒక్కొక్క మూతా తాళం పెట్టి తీసి, మరచుట్ల వెంట వేలు తిప్పి, రింగు చూసి, కళ్ళు మూసుకుని ఎడమకు తిప్పి, ఆగి, కుడికి తిప్పి పెడుతోంది. అచ్చం ఆవిడ చేసినట్టే చేస్తోంది. జ్వరం మనిషి, మధ్యమధ్య చెమట తుడుచుకుంటోంది. నీళ్ళ గ్లాసు ఆవిడే అందిస్తున్నారు. నేను ఆఫీసు పని వదిలేసి అక్కడే నిలబడ్డాను. లోపల లోపల దేవుడికి మొక్కుకున్నాను, ఒక్కటీ చెడిపోయింది దొరకకూడదని.

మొదటి పెట్టెలో ఏమీ లేదు. రెండో పెట్టెలో రెండు. ప్రీతి వాటిని చప్పుడు కాకుండా ఎడమపక్కన పెట్టింది. సాయంత్రం అయిదున్నరకు మొత్తం అయ్యేసరికి ఎడమపక్కన పదకొండు ఉన్నాయి. వాటిలో ఏడు డీజిల్‌వి.

పృథ్వీరాజ్ వచ్చి చూసి, ‘మెషీన్ కీ గల్తీ హోగీ, ఆంటీ. చూడీ కోసేటప్పుడే పోయి ఉంటాయి’ అన్నాడు. ఆవిడ మీద దయతోనే అన్నాడు. నేనూ అవునన్నట్టు తలూపాను. ప్రీతి మాత్రం తల ఎత్తలేదు. మెషీన్ తప్పయితే చూడీ మొదటినుంచీ వంకరగా ఉంటుంది. ఇవి మొదట తిన్నగా ఉండి, ఎవరో అడ్డంగా ఎక్కించి బలంగా తిప్పితే చీరుకుపోయినవి. ఆ తేడా కనిపెట్టడం ఆ పిల్లకు నేర్పింది ఎవరో మా అందరికీ తెలుసు.

‘మెషీన్‌ది కాదు సాబ్’ అన్నారు మాణిక్యాంబగారు. ‘నా దగ్గరికి మంచివే వచ్చాయి. పాడుచేసింది నేనే.’

ఆయన ‘మీరు ఎప్పుడు కావాలన్నా రండి, ఊరికే కూర్చోండి, ఇది మీ ఇల్లే’ అని వెళ్ళిపోయాడు. ఆవిడ ఆయన వెళ్ళినవైపు నమస్కారం పెట్టారు. తరువాత ప్రీతి దగ్గరికి వచ్చి, పదకొండింటిలోంచి ఒక డీజిల్ మూత తీసుకున్నారు.

‘ఎక్కడ చెడగొట్టానో చూపించమ్మా ఒకసారి.’

‘రహనే దీజియే, ఆంటీ.’

‘ఫరవాలేదు, చూపించు. నా పని నాకు తెలియాలి కదా.’

ప్రీతి మూత తిప్పి పట్టుకుంది. మరచుట్ల అంచున లోహం చీరుకుని, మొన తేలి నిలబడి ఉంది. రెండడుగుల దూరం నుంచి నాకే కనబడుతోంది. ప్రీతి ఆవిడ చూపుడువేలు పట్టుకుని ఆ చోట పెట్టింది. మాణిక్యాంబగారు, ఇన్నేళ్ళూ ఆ బల్ల దగ్గర చేసినట్టే, కళ్ళు మూసుకున్నారు. వేలు ముందుకు జరిపారు, వెనక్కి జరిపారు.

‘నున్నగానే ఉందే.’

‘యహీ పర్ హై, ఆంటీ’ అంది ప్రీతి.

ఆవిడ ఇంకొంచెం నొక్కి వేలు తిప్పారు. మొన దిగింది. రక్తం మరచుట్ల వెంట పాకి, రబ్బరు రింగు దాటి, ప్రీతి అరచేతిలోకి కారింది. ప్రీతి నా వైపు చూసింది. నేను చెయ్యి చాచాను గాని ఆవిడను ముట్టుకోలేకపోయాను. ఆవిడ వేలు అదే చోట అటూ ఇటూ ఓపికగా తిరుగుతూనే ఉంది.

‘ఎక్కడమ్మా?’ అన్నారు కళ్ళు తెరవకుండానే. ‘ఇక్కడేమీ లేదు కదా.’